నా చీటీలో ఎప్పుడూ పనమ్మాయే

మా పుస్తకాల క్లబ్బుకి సొంత చోటంటూ లేదు. సీతమ్మధారలో ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్కు ఆదివారం మూసి ఉంటుంది కాబట్టి, పేషెంట్లు కూర్చునే హాల్లో సాయంత్రం కలుస్తాం. గోడ మీద పిప్పిపళ్ళ బొమ్మలు, వాటి కింద మేం నలుగురం: డాక్టరు గారు, స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన, అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే ఒక అమ్మాయి, హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు పిల్లల చెవులు మెలేసిన నేను. చదివేవి మాత్రం ఒకటే రకం. ఇంగ్లండులో ఎక్కడో పల్లెటూళ్ళో పెద్ద బంగళా, బయట మంచు, లోపల డజనుమంది చుట్టాలు, తెల్లారేసరికి ఒక శవం. మన ఉక్కపోతకి చెమటలు కారుతుంటే మంచు గురించి చదవడం మహా సుఖంగా ఉంటుంది లెండి.

మాకున్నది ఒక్కటే నియమం. చివరి అధ్యాయం ఎవరూ ఇంట్లో చదవకూడదు. అక్కడ ఆగి, హంతకుడెవరో తలా ఒక చీటీ మీద రాసి ఖాళీ దూది డబ్బాలో వెయ్యాలి. తర్వాత డాక్టరు గారు ఆ అధ్యాయం పైకి చదువుతారు, ఆపైన చీటీలు విప్పుతాం. దొంగచాటుగా ముందే చదివేసి వచ్చినవాళ్ళు అందరికీ మిరపకాయ బజ్జీలు తేవాలి. పెద్దాయన ఒకసారి దొరికిపోయారు, తెచ్చారు కూడా.

నా చీటీలో ఎప్పుడూ పనమ్మాయే. "మేడం గారి చీటీ విప్పడం దేనికండీ, టైం వేస్టు" అని పెద్దాయన ఆటపట్టిస్తే నాకు ఒళ్ళు మండేది. గదుల తాళాలు ఎవరి చేతిలో ఉంటాయి, టీ ఎవరు కలుపుతారు, ఏ వస్తువు ఎక్కడుందో ఎవరికి తెలుసు అని ఆయనకి క్లాసు పీకేదాన్ని. ఒక్కసారి కూడా నా ఊహ నిజం కాలేదు. అయినా నేను మానలేదు.

పోయిన వానాకాలంలో ఒక పుస్తకం పూర్తి చేశాం. డిటెక్టివు అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు, ఇంటి అల్లుడే హంతకుడని తేల్చాడు, పోలీసులు అతన్ని పట్టుకెళ్ళారు. మిగిలినవాళ్ళు హమ్మయ్య అనుకుని టీ తాగారు. కథ అయిపోయింది. మేమూ టీ తాగుతున్నాం. ల్యాబు అమ్మాయి మాత్రం గ్లాసు ముట్టుకోలేదు.

"ఆంటీ, ఆ టీ ఎవరు తెచ్చేరో చూసేరా?" అంది.

"పనమ్మాయి. అయితే ఏంటి?"

"పుస్తకమంతా దాన్నే అనుమానించేరు. దాని పెట్టె తిరగేసేరు, ఏడిపించేరు. ఆఖర్న ఒక్కరైనా సారీ చెప్పేరా? టీ పెట్టమన్నారు." గ్లాసు పక్కకి జరిపి, "మా అమ్మ నాలుగిళ్ళలో వంట చేస్తాది ఆంటీ. నాకు ఈ పేజీ దగ్గరే కోపం వస్తాది" అంది.

డాక్టరు గారు పేజీలు వెనక్కి తిప్పి వెతికారు. లేదు. అంతకుముందు చదివినవి కూడా గుర్తు చేసుకున్నాం. వాటిలోనూ లేదు. నేను గ్లాసు కింద పెట్టేశాను.

ఎందుకంటే అలాంటి కథ మా ఇంట్లోనే జరిగింది. ఎనిమిదేళ్ళ కిందట ఒక పెళ్ళికి ఊరెళ్తూ, మా అమ్మ ఇచ్చిన రవ్వల దుద్దులు వంటింట్లో దాచాను. దొంగలు ముందు బీరువానే చూస్తారని పప్పుల డబ్బాల్లో దాచడం మా ఇంటి ఆడవాళ్ళ అలవాటు. తిరిగొచ్చి మినపప్పు డబ్బా గుమ్మరిస్తే దుద్దులు లేవు. అందులోనే పెట్టానని ఒట్టేసి చెప్పగలను. మొక్కలకి నీళ్ళు పొయ్యమని తాళం ఇచ్చింది మా పనావిడకే. ఇంకేముంది! ఆమెని మెట్ల మీదకి పిలిచి, కింద పోర్షన్ ఆవిడ వింటుండగా నోటికొచ్చినట్టల్లా అన్నాను. "నాను తియ్యలేదమ్మా" అని ఒక్కసారే అంది. నేను పని మాన్పించాను. కింద పోర్షన్ ఆవిడ కూడా మాన్పించింది. వారం తిరిగేసరికి మా వీధిలో ఆమెకి పని లేకుండా పోయింది. పోలీసులకి చెప్పలేదు కదా, అదే నా మంచితనం అనుకున్నాను.

ఆ ఏడే చలికాలంలో మా ఆయన ఉలవచారు అడిగారు. ఎన్నో నెలలుగా తియ్యని ఉలవల డబ్బాలో చెయ్యి పెడితే దుద్దులు తగిలాయి. ఆఖరి నిమిషంలో చోటు మార్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మా ఆయనకి సైతం చెప్పకుండా వాటిని బీరువాలో అడుగున పడేశాను. ఆమె ఫిషింగ్ హార్బర్ గేటు బయట ఎండు చేపలు అమ్ముకుంటోందని తెలిశాక, ఆ దారినే వెళ్ళడం మానేశాను.

క్లబ్బు మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి హార్బర్‌కి వెళ్ళాను. ఆమె గోనెపట్టా మీద చేపలు పరుస్తోంది. జుట్టు సగం నెరిసింది.

"ఏటమ్మా, దారి తప్పేరా?" అంది. నవ్వలేదు, మొహమూ తిప్పుకోలేదు.

గోనెపట్టా పక్కన చతికిలబడ్డాను. "దుద్దులు దొరికాయి. ఆ ఏడే దొరికాయి, మా ఇంట్లోనే. నన్ను క్షమించు" అన్నాను.

"ఉలవల డబ్బాలోనే గదా" అంది.

నేను ఏ డబ్బాలో దొరికాయో చెప్పనే లేదు.

"మినపప్పులోంచి తీసి మీరు దాన్లో పెడతన్నప్పుడు నాను అంట్లు తోముతన్నాను. సూసేను."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా!" గొంతు దానంతటదే లేచింది, పాత అలవాటు.

"సెప్తే ఏటనీవోరు? నువ్వే తీసేవు, బయమేసి మళ్ళీ పెట్టీసేవు అనీవోరు. అప్పుడు నిజంగా దొంగనైపోదును."

నిజమే. అక్షరాలా అదే అనేదాన్ని.

ఆమె ఇంకో గుప్పెడు చేపలు పరిచింది. "కింద అమ్మగారు ఉన్నారా ఇంకా?"

"ఉన్నారు."

"ఆవిడ ముందరే గదా అన్నారు. నాను తియ్యలేదని నాకు సెప్తే ఏటి లాబం? నాకు తెలుసు గదా. ఆవిడికి సెప్పండి. ఈదిలో సెప్పండి."

ఇంటికొచ్చి బీరువా అడుగు నుంచి దుద్దులు తీసి చెవులకి పెట్టుకున్నాను. మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగి, మళ్ళీ దిగి, బెల్లు కొట్టాను. కింద పోర్షన్ ఆవిడ తలుపు తీసి, నేరుగా నా చెవుల వైపే చూసింది.

"అయ్యో, ఆ దుద్దులేనా? దొరికాయా! నేను అప్పుడే అన్నానా, ఆ పనమ్మాయే తీసిందని?"

"కాదండీ" అన్నాను. "నేనే."