చేత్తో రాసిన పేర్లు

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న పెద్దావిడ, నా ఒళ్లోని ల్యాప్‌టాప్ చూసి, ఏం పని చేస్తానని అడిగింది.

"మా ప్రోగ్రాములు క్లౌడ్‌లో, అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో, రోజూ చోటు మారుతుంటాయమ్మా. ఏ పేరున్న ప్రోగ్రాము ఏ చిరునామాలో ఉందో ఒక జాబితా ఉంటుంది. ఇదివరకు మా ఆఫీసులో శ్రీనివాస్ అనే అతను దాన్ని చేత్తో రాసేవాడు. ఇప్పుడు నేను చేసిన ప్రోగ్రామే రాస్తుంది, పాతవి తుడిచేస్తుంది."

"మరి గా శ్రీనివాసు ఇప్పుడేడున్నడు బిడ్డా?"

రెండేళ్లుగా అతని మాట నా ముందు ఎవరూ ఎత్తలేదు. ఆమెకు నిజం చెప్పాను. అతను రాసిన పేర్లను ముట్టుకోవద్దని నా ప్రోగ్రాముకు చెప్పడం మరిచాను. అది తను రాయనివన్నీ తుడిచేసింది. ఆఫీసు పని సగం రోజు ఆగిపోయింది. చేత్తో రాసేదాంట్లో పొరపాట్లు సహజమేనని మీటింగులో అన్నాను. ఇంకేమీ అనక్కర్లేకపోయింది. శ్రీనివాస్ ఉద్యోగం పోయింది.

ఆమె తిట్టలేదు. కమలాపండు ఒలిచి, సగం నా చేతిలో పెట్టింది.

"నాకు చెప్తే ఏమొస్తది? ఆయనకు చెప్పినవా?"

ఆమె రైలొచ్చింది, వెళ్లిపోయింది. నేను ఫోన్ తీశాను. అందులో శ్రీనివాస్ నంబరు లేదు. అతను వెళ్లిన వారమే నేనే తీసేశాను.

అందుకే, అతని కంట పడుతుందేమోనని ఇక్కడ రాస్తున్నాను. ఆ పేర్లు పోయింది అతని వల్ల కాదు, నా వల్ల.