నెర్రెల చీర

ధర్మవరంలో మగ్గం నేసే బాలప్ప ఒక సందెవేళ ఇంట్లోకి వచ్చి, గోడ మీద తేలును చూసి, కాలి చెప్పు తీసి కొట్టాడు. తేలు కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. గార పెళ్ళలుగా రాలింది, ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు, తేలు మాత్రం కొండి ఎత్తుకుని అట్లాగే ఉంది. ఎవరో బుడ్డి దీపం తెచ్చి దగ్గర పెడితే అప్పుడు తెలిసింది అది బొగ్గు తేలని. గీసింది బాలప్ప కూతురు తిప్పమ్మ. అప్పటికి ఆ పిల్లకు ఏడేళ్ళు. గోడకు పడాల్సిన మిగతా దెబ్బలు పిల్ల వీపుకు పడ్డాయి.

ఎక్కిళ్ళు పెడుతూనే తిప్పమ్మ అడిగింది: "నిజం తేలే అనుకుంటివా నాయనా?"

బాలప్ప చెప్పు తొడుక్కుని బయటికి పోయాడు.

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. ఆ తర్వాత కథలు పెరిగాయి. తిప్పమ్మ గీసిన శనక్కాయల్ని పొడిచి పొడిచి పక్కింటి కోడి ముక్కు మొండి చేసుకుందన్నారు. తలుపు పక్కన గీసిన కుక్కను చూసి అడుక్కునేవాళ్ళు ఆ వీధే మానుకున్నారన్నారు. అన్నీ నమ్మనక్కర్లేదు. కోడి సంగతి మాత్రం నిజం.

తల్లి వెంకటలక్ష్మమ్మ పట్టుదారం కండెలకు చుట్టమని రాట్నం ముందు కూర్చోబెడితే, తిప్పమ్మ కాసేపటికి జారుకుని మగ్గం గుంతలోకి దిగేది. తండ్రి కాళ్ళ పక్కన వెల్లకిలా పడుకుని పైకి చూసేది. జరీ పువ్వు ఎక్కువగా ఉండే చీరను బాలప్ప బోర్లా నేసేవాడు. నేసేవాడికి కనబడేది చీర వీపు, దారాల చిక్కు. ముఖం గుంత వైపు ఉంటుంది. పువ్వు సరిగ్గా పడిందా లేదా చూసుకోవడానికి బాలప్ప కిందికి అద్దం ముక్క పట్టేవాడు. ఆ అద్దం ఒకనాడు పగిలింది. కొత్తది కొనకముందే గుంతలోంచి మాట వినిపించింది, హంసకు ముక్కు వంకర పోయిందని. బాలప్ప దిగి చూశాడు. పోయింది. ఇంక అద్దం కొనలేదు.

ఏడో తరగతితో బడి ఆగింది. బొమ్మలు ఆగలేదు. సంబంధాలు చూసేవాళ్ళు ఇంటికొచ్చి గోడలు చూసి, పిల్లకేమన్నా సోకిందా అని అడిగి పోయేవాళ్ళు. తిప్పమ్మ గుమ్మంలో నిలబడి, సోకిన మాట నిజమే, బొగ్గుతో పోయేది కాదు అని చెప్పి పంపేది.

ఆ వీధి మగ్గాలకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు అంజినప్ప. ఆయన అంగట్లో వెనక గదిలో జయరాముడు తాత గ్రాఫ్ గీసేవాడు. చీర మీదికి హంస దిగాలన్నా, మామిడి పిందె దిగాలన్నా ముందు గళ్ళ కాగితం మీద పడాలి. గడికో పోగు లెక్క. ఆ గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు కొట్టి, అట్టల దండను మగ్గం పైనున్న జకార్డు పెట్టెకు తగిలిస్తే తప్ప బొమ్మ పట్టులోకి రాదు. జయరాముడు ఆ పనిలో తల పండినవాడు. ఇప్పుడు చూపు మందగించి గడి గడిలోకి కలిసిపోతోంది. ఎర్ర పెన్సిలుతో గళ్ళు నింపడానికి ఒక మనిషి కావాలన్నాడు. తిప్పమ్మ మరునాడే పోయి ఆయన బల్ల ముందు కూర్చుంది. ఎవరూ పిలవలేదు.

మగవాళ్ళ మధ్య వయసొచ్చిన పిల్ల కూర్చోవడమేమిటని వీధి గొణిగింది. కండెలు ఎవరు చుడతారని తల్లి గొడవ చేసింది. కండెలు ఎవరైనా చుడతారు, ఈ పని నేను తప్ప ఎవరూ చేయలేరు అంది తిప్పమ్మ. అప్పటికి ఆమెకు ఆ పని రాదు కూడా. కొన్నేళ్ళలో వచ్చేసింది.

జయరాముడు ఒకసారి ఆమెను లేపాక్షి తీసుకుపోయాడు. అక్కడి లతామండపం స్తంభాల మీద తీగలు, పువ్వులు, చిలకలు రాతిలో అల్లుకుని ఉంటాయి. ధర్మవరంలో ఏ అంగడి చీర విప్పినా ఆ స్తంభాల్లో ఏదో ఒకటి కొంగు మీద ఉంటుంది. తాత చెప్పినవన్నీ తిప్పమ్మ గీసుకుంది. తర్వాత గుడి మండపంలో నేల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు మీది రంగుల బొమ్మలు చూస్తూ ఉండిపోయింది. కాపలావాడు కర్ర తట్టితే గానీ లేవలేదు. మగ్గం గుంతలో నుంచి చూసినట్టే ఉందని తాతతో చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు టైరు పంక్చరైంది. పక్కన ఎండిన చెరువు. బస్సులోవాళ్ళు డ్రైవర్ను తిడుతూ తుమ్మచెట్టు కింద చేరితే, తిప్పమ్మ చెరువులోకి దిగింది. మట్టి పలకలు పలకలుగా విడిపోయి, అంచులు అప్పడాల్లా పైకి లేచి ఉంది. ఒక నెర్రె ఇంకో నెర్రెలోకి, అది మరోదానిలోకి, కంటికందినంత దూరం. ఆమె కాగితం తీసింది.

జయరాముడు గట్టు మీద నుంచి కేకేసి, స్తంభాలు గీసింది చాలదా అన్నాడు.

తిప్పమ్మ తల ఎత్తలేదు. "తాతా, ఆ స్తంభాలు చెక్కినోళ్ళు ఏ స్తంభాలు చూసి చెక్కినారు?"

జయరాముడు కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

పట్టుచీర ఒళ్ళంతా చెరువు నెర్రెలే ఉండాలని తిప్పమ్మ పట్టుబట్టింది. ఇటుక రంగు పట్టు మీద జరీ గీతలు. జయరాముడు చెప్పిన చిక్కు చిన్నది కాదు. చీర మీది బొమ్మ ఒకచోట ముగిసి మళ్ళీ మొదలవ్వాలి. నెర్రెకు మొదలూ లేదు, ముగింపూ లేదు. తిప్పమ్మ ఆ వేసవంతా గ్రాఫ్ కాగితంతో కుస్తీ పట్టింది. కుడి అంచు దాటి పోయిన ప్రతి నెర్రె ఎడమ అంచులో వచ్చి కలవాలి, కింద పోయింది పైన తేలాలి. ఒకటి కలిస్తే రెండు తెగేవి. రబ్బరు అరిగి, కాగితం చిరిగి, కొత్త కాగితం తీసుకునేది. ఆఖరికి అన్నీ కలిశాయి. ఎక్కడ మొదలైందో తాతకు వేలితో కూడా దొరకలేదు.

అంజినప్ప ఆ గ్రాఫ్ చూసి రెండు చెవులూ మూసుకున్నాడు. చెడ్డవాడు కాదు. శుక్రవారం పూట అంగట్లో కరువనే మాట పలికితే గుమ్మానికి నీళ్ళు చల్లించే మనిషి. పెండ్లికూతురి ఒంటి మీద ఎండిన చెరువు కప్పుతావా అని తిప్పమ్మను కేకలేశాడు.

జయరాముడు గ్రాఫ్ చుట్టుకుని పోయి, తెలిసినవాడితో అట్టలు కొట్టించి, బాలప్ప మగ్గానికి తగిలించి వచ్చాడు. బాలప్ప భయపడుతూనే నేశాడు.

సగం చీర పడ్డాక అంజినప్ప మగ్గాలు చూడటానికి వచ్చాడు. ఆయనకు కనబడింది చీర వీపు. జరీ పోగులు వదులుగా వేలాడి నెర్రెల వంకరలన్నీ కప్పేశాయి. గళ్ళు గళ్ళుగా తప్ప ఏమీ తెలియడం లేదు.

"ఏం బాలప్పా, తేనెపట్టా? భలే ఉండాదే," అన్నాడు.

"తేనెపట్టేన్నా," అన్నాడు బాలప్ప.

ఆ అబద్ధం వారం తిరక్కముందే బయటపడింది. చీర కోసి విప్పగానే అంజినప్పకు అంతా అర్థమైంది. కోపం రాలేదు. వ్యాపారి కదా, చీర బాగుందని కన్ను చెప్పింది. తిప్పమ్మను కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడాడు. జయరాముడు ఇంక గీయలేనన్నాడు. ఆ బల్ల నీదే, అంగడి బోర్డు మీద నా పేరుతో పాటు నీ పేరు కూడా రాయిస్తా. ఒక్కటే షరతు. ఇది తేనెపట్టు చీర. నెర్రె అన్న మాట నీ నోట రాకూడదు.

తిప్పమ్మ ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది.

మరునాడు కొత్తచెరువు అనే ఊరి పక్క పల్లె నుంచి భద్రమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని అంగడికి వచ్చింది. భూములున్న ఇంటి పెద్ద, మాట కటువు. ఆ పిల్ల పెండ్లి. సంబంధం కృష్ణా కాలువల కింద, ఏడాది పొడుగునా నీళ్ళుండే ఊరు. అంజినప్ప చీరలు పరుస్తుంటే ఆమె మనసులో మంట కక్కేసింది. పెండ్లిచూపులకు వచ్చిన అబ్బాయి మేనత్త, మీ పిల్ల రోజూ స్నానం చేస్తుందా, మీ వైపు నీళ్ళుండవటగా అని అందరి ముందు అడిగిందట. వచ్చినవాళ్ళంతా నవ్వారట. ఆ మాట తిప్పికొట్టడం మిగిలిపోయిందని భద్రమ్మ బాధ.

ఇటుకరంగు చీర విప్పగానే ఆమె చేయి దాని మీద ఆగింది. ఇదేం డిజైనని అడిగింది.

"తేనెపట్టు తల్లీ. ఇంటినిండా తీపే," అన్నాడు అంజినప్ప.

వెనక గది గుమ్మంలో తిప్పమ్మ నిలబడి ఉంది. అటు బల్ల. ఇటు చీర.

"తేనెపట్టు కాదవ్వా. ఎండిపోయిన చెరువు. నెర్రెలు."

"గమ్మునుండు పాపా," అన్నాడు షావుకారు.

"ఈగలు కట్టిన గదులన్నీ ఒకే తీరుంటాయి పెదనాయనా. దీంట్లో పక్కపక్కనే రెండు ఒకే తీరువి చూపీ. నేను ఈ పొద్దే పెన్సిలు ఇరిచేస్తా."

భద్రమ్మ నిప్పు తగిలినట్టు చేయి వెనక్కి తీసుకుంది. శుభమా అని పెండ్లికి వస్తే కరువు చుట్టిస్తారా అని లేచి, మనవరాలి చేయి పట్టుకుని వెళ్ళిపోయింది. అంజినప్ప గుమ్మానికి నీళ్ళు చల్లించాడు. ఆ బల్ల దగ్గరికి ఇంక రావద్దని తిప్పమ్మకు చెప్పాడు. బాలప్ప మగ్గానికి పట్టు కూడా ఇవ్వనన్నాడు.

తిప్పమ్మ ఇంటికి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. వెంకటలక్ష్మమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది; ఆ బల్ల పోయినందుకు తిట్టిందో, ఇన్నాళ్ళూ ఉన్నందుకు తిట్టిందో ఎవరికీ తెలియలేదు. బాలప్ప ఖాళీ మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. గోడ మీద, గార రాలినచోట, సగం తేలు ఇంకా కనబడుతూనే ఉంది.

"ఆ పొద్దు నిజం తేలే అనుకున్నా పాపా," అన్నాడు.

తిప్పమ్మ రాట్నం ఆపింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ కన్నీళ్ళు ఆరకముందే గుమ్మంలో మనవరాలితో భద్రమ్మ ప్రత్యక్షమైంది. కొత్తచెరువు బస్సెక్కి, సీటు పట్టుకుని, బస్సు కదిలే ముందు దిగి వచ్చిందట. కండక్టరు ఆపబోతే అతన్నీ రెండు తిట్టిందట.

"ఏమే పిల్లా, ఆ చీర కట్టుకోని మా మనవరాలు వాళ్ళ పందిట్లో నడిస్తే ఎట్లుంటాది?"

"మీ చెరువు నడిచినట్టుంటాది అవ్వా."

"అదే. నీళ్ళు లేవని నవ్వినారు గదా. ఇది మా చెరువు, ఇట్లనే ఉంటాది, దీని ఒడ్డున్నే మేము బంగారం మాదిరి బతికినామని చూస్తారు. తేనెపట్టు చీరలు వాళ్ళూర్లోనూ ఉంటాయి. పద."

భద్రమ్మ, మనవరాలు, తిప్పమ్మ ముగ్గురూ అంగడికి పోయారు. అంజినప్ప ముఖం వెలిగింది. తేనెపట్టు తీయమంటారా తల్లీ అన్నాడు. భద్రమ్మ చాప మీద కూర్చుని, ఆ పేరు చీర నాకొద్దంది. దాని అసలు పేరు నోరారా చెప్పి ఇస్తేనే తీసుకుంటానంది. ఆ రోజు శుక్రవారం. షావుకారు ఆకాశం చూశాడు, గుమ్మం చూశాడు, తిప్పమ్మను చూశాడు.

"నెర్రెలు," అన్నాడు.

"ఎవురు గీసినారు?"

"మా పాప. తిప్పమ్మ."

ఆ పెండ్లినాడు కాలువల ఊళ్ళో వాన పడిందని, లేదు కొత్తచెరువులోనే పడిందని చెప్పేవాళ్ళున్నారు. ఎక్కడా చుక్క పడలేదు. కానీ అబ్బాయి మేనత్త చీర కొంగు పట్టుకుని చూసి, ఎంత బాగుందమ్మా ఈ చేపల వల, మాకూ తెప్పించరా అని అడిగిందట. వల కాదు, మా చెరువని పెండ్లికూతురు పీటల మీద నుంచే చెప్పిందట. ఆ వైపు నుంచి అడిగి అడిగి తెప్పించుకున్నారు. వల డిజైనని అడిగినవాళ్ళకు తిప్పమ్మ చీర ఇవ్వనిచ్చేది కాదు. పేరు సరిగ్గా చెప్పాకే చీర.

జయరాముడి బల్ల ఆమెదైంది. ఇంకొన్నేళ్ళకు బల్ల ఆమె ఇంటికే వచ్చింది. వాకిట్లో తన చేత్తోనే రాసిన బోర్డు పెట్టుకుంది: తిప్పమ్మ, గ్రాఫ్ డిజైన్లు. శనక్కాయ తీగ, సర్కారు తుమ్మ ముల్లు, సీతాఫలం పొలుసులు, అన్నీ కొంగుల మీదికి ఎక్కించింది. కొన్ని అమ్ముడుపోలేదు. ముల్లు చీర ఒక్కరూ కొనలేదు. దాన్ని ఆమె తన పెండ్లికి తానే కట్టుకుంది, ఎవరూ కొనని చీర మీద ఎవరి మాటా ఉండదని.

ఎనభైల చివర్లో ఒక ఏడు వానలు దండిగా కురిశాయి. చెరువులన్నీ అలుగు పారాయి. అంజినప్ప గొడుగు ముడుచుకుని తిప్పమ్మ ఇంటి అరుగెక్కాడు. ఇంక ఆ పాడుపేరు ఎందుకు, నిండిన చెరువు గీసియ్యమని అడిగాడు.

తిప్పమ్మ ఒక ఖాళీ గ్రాఫ్ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

అంజినప్ప అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఏముండాది పాపా దీంట్లో?"

"నిండు చెరువులో ఇంతే కనబడేది పెదనాయనా. నీళ్ళు పోయినాక రా."

"రొంత గట్టన్నా వెయ్యి తల్లీ. కాగితం దండగైపోతాది."

సరేనని తిప్పమ్మ కాగితం ఆయన ఒళ్ళోనే ఉంచి, వంగి, కింద వారగా గట్టు గీసింది. గట్టు మీద చిన్నది ఇంకేదో గీయడం మొదలుపెట్టింది. కొండి ఇంకా పూర్తి కాకముందే షావుకారు ఎగిరి లేచి కాలి చెప్పు తీశాడు.