సాక్ష్యానికి ఆమెన్

రేపల్లెలో ఒక ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా ఆయాగా చేస్తున్న రిబ్కాకు చివరికి మిగిలిన కోరిక ఒక్కటే, ఒక్కపూట హాయిగా పడుకోవడం. అదీ తీరలేదు. వాడలో ఎవరికి జ్వరమొచ్చినా ఆమె గుమ్మమే తొక్కేవారు. విసుక్కుంటూనే వెళ్ళేది.

తొంభై ఒకటిలో ఒక శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటంలో ఆదాము సాక్ష్యం చెప్పాడు. ఆదాము బడి పంతులు, రిబ్కాకు వరసకు అన్న. భార్య పోయి అప్పటికి ఏడు నెలలు. పిల్లలు దూరాన ఉంటున్నారు.

"నాకీ లోకంలో పనైపోయిందండి. ప్రభువు దగ్గరికి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఇవాళ మనసు తేలిగ్గా ఉంది," అన్నాడు. ఏళ్ళ తరబడి తను వాయించిన డోలక్‌ను సంఘానికి ఇచ్చేశాడు.

కూటమంతా ఆమెన్ అంది. ఎంత విశ్వాసమో అని ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. కూర్చునే కునికిపాట్లు పడుతున్న రిబ్కా కూడా ఆమెన్ అంది. మన కూటాల్లో అంతే. మాట భక్తిగా వినబడితే చాలు, మనిషి ఏం చెబుతున్నాడో ఎవరికీ పట్టదు.

ఇంటికి వెళ్తూ ఆమె సగం దారిలో ఆగిపోయింది. నెలల తరబడి తిండి సయించక, నిద్ర పట్టక, ఎవరితోనూ కలవక చిక్కిపోయిన మనిషికి హఠాత్తుగా మనసెలా తేలికైంది? వార్డులో ఇలాంటి తేలికను ఆమె రెండుసార్లు చూసింది. రెండుసార్లూ నయమైందని సంతోషించి, మర్నాడు ఏడ్చింది. ముందు తన మీద, తర్వాత సంఘం మీద ఒళ్ళు మండి వెనక్కి తిరిగింది.

ఆదాము వరండాలో ఊరికే కూర్చుని ఉన్నాడు. రిబ్కా మెట్టు మీద చతికిలబడింది.

"అన్నయ్యా, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

అతను ఆమె వైపు తిరిగాడు.

"అవును చెల్లీ. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు."

పాపమని ఆమె అనలేదు, పిల్లల మొహం చూడమనీ అనలేదు. అలా అంటే మళ్ళీ నోరు మూసుకుంటాడని తెలుసు. "చెప్పు, వింటా," అంది. దీపాలు పెట్టేదాకా అతను చెప్పాడు. తర్వాత, "ఇది నేను దాచను," అని అతనితోనే చెప్పి, పక్కింట్లో ఉండే అతని తమ్ముడు అంద్రెయను పిలిచింది. ప్రమాదమనిపించినవన్నీ ఇంట్లోంచి తీయించింది. అన్నను ఒంటరిగా వదలొద్దని అంద్రెయకు గట్టిగా చెప్పింది.

మర్నాడు సెలవు పెట్టి, ఆదామును తెనాలి పాసింజరు ఎక్కించింది. అక్కడి డాక్టరు మందులు రాసి, పదిహేను రోజులకు మళ్ళీ రమ్మన్నాడు.

తిరుగు రైల్లో ఆదాము కిటికీలోంచి చూస్తూ అడిగాడు.

"తగ్గకపోతే ఏంటి?"

"మళ్ళీ వద్దాం."

"అప్పటికీ తగ్గకపోతే?"

ధైర్యం చెప్పే ఓపిక రిబ్కాకు లేదు.

"అప్పుడూ వద్దాం. నాకు కుదరకపోతే అంద్రెయ వస్తాడు. అదంతా తర్వాత సంగతి, రేపు పొద్దున్న ఏం తింటావో అది చెప్పు."

ఒక స్టేషను దాటింది. ఇంకొకటి దాటింది.

"ఇడ్లీ పెడతావా?" అన్నాడు ఆదాము.

భార్య పోయాక అతను నోరు తెరిచి ఒకరిని ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. రిబ్కా మొహం పక్కకు తిప్పుకుని, పెడతానంది.