తాతయ్య కోసిన వల

నా చిన్నప్పుడు మా అమ్మ నర్సీపట్నం బజారులో ఎండుచేపలు అమ్మేది. సరుకు కోసం సముద్రం ఒడ్డునున్న తన పుట్టింటికి వెళ్లినప్పుడల్లా నన్ను అమ్మమ్మ దగ్గర వదిలేసి, కొన్నాళ్లకు వచ్చి తీసుకెళ్లేది. బడి పోతుందన్న బెంగ నాకేమీ లేదు. పొద్దున్నే ఎర్ర పీతల వెంటపడేదాన్ని. దొరికినట్టే దొరికి చటుక్కున బొరియలోకి జారుకునేవి. తాతయ్య వల దులిపితే నక్షత్రం చేపలు రాలేవి. ఒకసారి అలల అవతల డాల్ఫిన్లు గుంపుగా ఎగురుతుంటే మావయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు, పెళ్లింకా కాలేదు. నేనంటే ప్రాణం.

తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలం అది. ఒకరోజు మావయ్య వెళ్లిన తెప్ప తిరగబడింది. తోటివాళ్లు ఈదుకుంటూ వచ్చారు, అతను రాలేదు. పల్లె పల్లెంతా వెతికింది. సాయంత్రానికి తాతయ్య, అంతకుముందు వేసి వదిలేసిన వలను మాత్రం లాక్కుని తిరిగొచ్చాడు. అందులో పెద్ద తాబేలొకటి చిక్కుకుని బెదిరిపోయి కొట్టుకుంటోంది. నీళ్లలో బతికేదానికి నీళ్లలో భయమేమిటని నేనడిగాను.

"దానికీ ఊపిరాడాలే గుంటా. పైకి రానీకపోతే మునిగి సచ్చిపోతాది," అన్నాడు తాతయ్య.

కత్తి తీసి వల కోసేశాడు. ఇంటికున్నది ఆ ఒక్క వలే. అమ్మమ్మ పసుపు తెచ్చి తాబేలు వీపుకు రాసింది. "గంగమ్మ తల్లీ, నీ బిడ్డని నీకిచ్చేసినాం. మా బిడ్డని మాకిచ్చెయ్యి," అని ఏడుస్తూ మొక్కింది. తాబేలు అలల్లోకి వెళ్లిపోయింది. ఇక మావయ్య వచ్చేస్తాడని నేను గట్టిగా నమ్మాను.

మర్నాడు పక్క పల్లె ఒడ్డున దొరికాడు. నన్ను చూడనివ్వలేదు. చొక్కాను బట్టి గుర్తుపట్టారని పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను.

దినాలయ్యాక తాతయ్య తెగిన వలను అల్లుకుని మళ్లీ వేటకు వెళ్లాడు. వెళ్లకపోతే పొయ్యి వెలగదు. ఆ మొదటి వేటలోనే మళ్లీ తాబేలు పడింది. తాళ్లు మెడకు బిగుసుకుని, ఒడ్డున ఇసుకను రెక్కలతో కొడుతోంది. తాతయ్య మొలలోంచి కత్తి తీయగానే అమ్మమ్మ పరుగెత్తుకొచ్చింది.

"కొయ్యకు! మన పిల్లోడ్ని ఇచ్చిందేటి ఆ సముద్రం? దాని బిడ్డనీ సావనీ!"

అమ్మమ్మ అన్నదే న్యాయమనిపించింది నాకు. తాతయ్య కోప్పడలేదు.

"దీనికేటి తెలుసే? ఊపిరాడక కొట్టుకుంతంది, అది సూడు. బేగి రెక్క పట్టుకో," అన్నాడు.

 అమ్మమ్మ ఇసుకలో కూలబడి, ఏడుస్తూనే ఆ రెక్కను రెండు చేతులా అదిమి పట్టుకుంది. తాతయ్య వల కోశాడు. ఈసారి ఎవరూ పసుపు రాయలేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

పెద్దయ్యాక నేనూ మొక్కులు మొక్కాను. నా భర్త ఆసుపత్రి నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం పక్కింటి పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. వాళ్లమ్మ కాళ్లూ చేతులూ ఆడక నిలబడిపోయింది. దగ్గర్లో ఉన్నది అదే ఆసుపత్రి. ఆ గేటు మళ్లీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నదాన్ని నేను. నా మనిషిని బతికించని చోటికి ఎవరి బిడ్డ కోసమో నేనెందుకు వెళ్లాలని ఒళ్లు మండిపోయింది. ఆ మంట చల్లారకుండానే పిల్లవాణ్ని ఎత్తుకుని ఆటో ఎక్కాను. నాకేదో మంచితనం పొంగుకొచ్చి కాదు. వాడు నా చేతుల్లో కొట్టుకుంటున్నాడు, అంతే.