రంగు వేయని ముక్క

మొన్న బార్కస్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాను. షాదీఖానాలో ఊదా దీపాలు వెలగగానే మగవాళ్ళ తెల్లబట్టలన్నీ నీలంగా మెరిసిపోయాయి. అందరూ ఈలలు వేస్తుంటే నేను మాత్రం ఆ నీలాన్నే చూస్తూ నిలబడ్డాను. సాజిదా మేడం కష్టాన్నంతా ఒక్క క్షణంలో మింగేసిన నీలం అది.

పాతబస్తీ కాలేజీలో ఆమె మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. మొక్క కణాల గోడలు మైక్రోస్కోపులో స్పష్టంగా కనబడాలంటే, ఊదా కాంతి పడగానే మెరిసే రంగు వేయాలి. "మెరుస్తున్నదని మురిసిపోకు బేటా. గోడనే పట్టుకుంటున్నదా, లోపలిదాన్ని గూడ పట్టుకుంటున్నదా, గది చూడాలె" అనేవారు. బయటి నుంచి తెప్పించే రంగు మా కాలేజీకి అందేది కాదు. అందుకని ఉస్మాన్‌గంజ్‌లో ఎండు మోదుగుపూలు కొని, మరిగించి, వడకట్టి తానే ఒక రంగు తయారుచేశారు. అది వేస్తే గోడలు నీలంగా మెరిసేవి, వేయకపోతే చీకటి. ఏళ్ళ తరబడి ఆ రంగే ఆమె లోకం.

దాన్ని పెద్ద శాస్త్రవేత్తల ముందు చూపించాల్సిన రోజుకు ముందురోజు అది. పోల్చి చూపే చివరి ఫోటో కోసం రంగు వేయని కాండం ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టమన్నారు మేడం. రంగు వేసిన ముక్కలను కడిగి, మేడం ఇంటి నుంచి తెచ్చే పాత తెల్ల దుపట్టాతో తడి పోయేలా అద్దడం మాకు అలవాటు. రంగు వేయనిదాన్ని కడిగే పని ఉండదు కనుక, ఆ గుడ్డ దానికి ఎన్నడూ తగల్లేదు. ఆ రోజు తడి ఎక్కువైందని దాన్ని కూడా అద్దాను. లైటు వేసి చూస్తే గోడలన్నీ నీలంగా వెలుగుతున్నాయి.

"యా అల్లా! గిదేంది?" అన్నారు మేడం. దుపట్టాను ఆ కాంతిలో పెట్టారు. అదీ నీలమే. బట్టలు తెల్లగా కనబడాలని సబ్బుపొడిలో కలిపే మందు, తడి ముక్కకు అంటి గోడలను పట్టుకుంది. ఇన్నేళ్ళూ మెరిసింది మోదుగుపూలు కాదు.

"రేపు వస్తలేమని చెప్దామా మేడం?" అన్నాను.

"ఎందుకు? పోదాం. గీ ఫోటోనే ముందల పెట్టు."

అన్నట్టే మొదట దాన్నే చూపించి, జరిగిందంతా గొంతు తొణకకుండా చెప్పారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. మేడం వేదిక దిగి వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. రంగు వేయని ముక్కను కూడా పిల్లలతో కడిగిస్తాను, అద్దిస్తాను. దాని మీద లైటు వేసే ముందు ఈనాటికీ నా గుండె దడదడలాడుతుంది. చీకటి కనబడ్డాకే ఊపిరి వదులుతాను.