నా గుండె పొరతోనే కుట్టిన వాల్వ్

ఆ రోజు ఒక పెళ్లి జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. మిషన్ తొక్కుతుంటే ఉన్నట్టుండి ఊపిరి చాల్లేదు. అలాగే ముందుకు వాలిపోయాను. జాకెట్టు కోసం వచ్చి కూర్చున్న సుజాతమ్మ గాబరాపడింది.

"ఏంది రమీజక్కా, అట్లా ఆయాసపడతా ఉండావు?"

"ఏం లేదులే, ఎండ" అన్నాను. మూడు నెలలుగా ఎండనీ, గ్యాసునీ తిట్టుకుంటూనే ఉన్నాను. నాకు నలభై ఒకటి. బుచ్చిరెడ్డిపాలెంలో టైలర్ని. నా మొండితనం మా వీధి వీధంతటికీ తెలుసు.

మా ఆయన మస్తాన్ ఇక నా మాట వినకుండా నెల్లూరు తీసుకెళ్లాడు. ఈసీజీ, తర్వాత ఎకో. "బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్ అమ్మా. మూడు రెక్కలుండాల్సిన చోట పుట్టుకతోనే రెండున్నాయి. అవి గట్టిపడి గుండెలోంచి రక్తం బయటికెళ్లే దారి మూసుకుపోతోంది. సివియర్ స్టినోసిస్. ఆలస్యం చేస్తే ప్రాణానికే ప్రమాదం" అన్నారు డాక్టరు గారు.

చెన్నైలో సర్జన్ గారు రెండు దారులు చెప్పారు. మెటల్ వాల్వ్ పెడితే బతికినంత కాలం రక్తం పల్చబడే మాత్రలు వాడాలి. చిన్న గాటు పడ్డా రక్తం తొందరగా ఆగదట. రోజూ సూదులతో, కత్తెరతో బతికే దాన్ని, నాకది నచ్చలేదు. రెండోది, గుండె చుట్టూ ఉండే పెరికార్డియం అనే పొరలో ముక్క తీసి, కొలతకు మూడు రెక్కలు కత్తిరించి, వాల్వ్ ఉన్న చోట కుట్టడం.

"తీసిన ముక్కని గ్లూటరాల్డిహైడ్ అనే మందులో పది నిమిషాలు నానబెట్టి, సెలైన్‌లో బాగా కడుగుతాం" అన్నారాయన.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "ముడుచుకోకుండానా సార్? మేం లైనింగ్ గుడ్డని నానేసి ఆరబెట్టినాకనే కత్తిరిస్తాం. లేకుంటే ఒక్క ఉతుకుకే జాకెట్టంతా లాక్కపోద్ది."

ఆయన పెన్ను కింద పెట్టేశారు. "సరిగ్గా అందుకేనమ్మా! బలం కూడా వస్తుంది. కానీ పొర పనికొస్తుందో లేదో తెరిచి చూస్తేనే తెలిసేది. లేకపోతే మెటలే. ఇదైనా ఎన్నేళ్లు నిలుస్తుందో ఖాయంగా చెప్పలేను."

బయటికి రాగానే మస్తాన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "మెటల్‌దే పెట్టించుకో రమీజా. జాకెట్టు గాదు గదా, గుండె." నాకూ భయమే. అయినా పొరకే సరేనన్నాను.

కళ్లు తెరిచేసరికి ఐసీయూ. గొంతులో గొట్టం ఉంది, మాట రాదు. "మీ సొంత పొరే పెట్టారక్కా" అని సిస్టర్ చెవిలో చెప్పింది. ఏడ్చేశాను. నాలుగో రోజు గుండె లయ తప్పి పరుగందుకుంది. ఏఎఫ్ అన్నారు. రెండు రోజులు మందులెక్కిస్తే గానీ దారికి రాలేదు.

డిశ్చార్జికి ముందు ఎకో తీస్తూ స్క్రీన్ నా వైపు తిప్పారు. మూడు రెక్కలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఇన్నేళ్లూ గుండెను కప్పుకుని ఉన్న పొర, పది నిమిషాలు మందులో నాని, ఇప్పుడు లోపలికి వెళ్లి నా రక్తాన్ని వదులుతోంది, ఆపుతోంది. ఒళ్లు జలదరించింది. అల్లా నేసిన గుడ్డకు మనిషి వేసిన కుట్టు! ఎంతమందికో కుట్టాను గానీ ఇంత పనితనం ఎక్కడా చూడలేదు.

రెండేళ్లయింది. మిషన్‌కు మోటారు పెట్టించాను. ఏడాదికోసారి ఎకోకి వెళ్తాను. మొన్న పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు, డాక్టరుకు పన్ను చూపించకముందే వాల్వ్ ఆపరేషన్ సంగతి చెప్పాను. ముందు యాంటీబయాటిక్ ఇచ్చి, తర్వాతే పీకారు. మీకూ వాల్వ్ ఆపరేషన్ అయి ఉంటే పళ్ల డాక్టరుకు ఆ మాట తప్పకుండా చెప్పండి. పంటి ఇన్ఫెక్షన్ వాల్వ్ దాకా పోగలదు. పాడైతే మళ్లీ కత్తిరించి కుట్టడానికి నా దగ్గర ఇంకో పొర లేదు.