కొయ్యనన్న డాక్టరు గారు

"డాక్టరు గారు పోయారంట వదినా" అని మా తమ్ముడి భార్య ఫోన్ చేసినప్పుడు నేను నమ్మలేదు. "ఎవరు చెప్పారు? చూసినవాళ్ళు చెప్పారా, విన్నవాళ్ళు చెప్పారా?" అని అడిగాను. ఆసుపత్రి నర్సుకు ఫోన్ చేసి, ఆమె కళ్ళారా చూశానన్నాకే ఒప్పుకున్నాను. అలా రూఢి చేసుకునే అలవాటు నాకు ఆయన దగ్గరే అబ్బింది. విచిత్రం ఏమిటంటే, అప్పట్లో నేను అందరికంటే ఎక్కువగా అనుమానించింది ఆయన్నే.

నేను పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తాను. తమ్ముడు బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాడు. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అన్నం తిని లేచినవాడు పొట్ట పట్టుకుని చెరువు గట్టు మీదే కూలబడ్డాడు. బందరు ఆసుపత్రికి తెచ్చేసరికి ఊపిరి కూడా సరిగా ఆడటం లేదు. కడుపు లోపల వెన్ను వైపు ఉండే క్లోమగ్రంథి తీవ్రంగా వాచిందని ఐసీయూలో పెట్టారు.

అక్కడి పెద్ద సర్జన్ ఆయన. దివిసీమ మనిషి. డెబ్బైకి దగ్గరపడిన వయసు. తెల్లకోటు జేబుల్లోంచి చేతులు తీయకుండా నడిచేవారు. మొదటి రోజే నన్ను, మరదల్ని, తమ్ముణ్ణి విడివిడిగా ఒకటే అడిగారు: "తాగుతాడా?" ఈ జబ్బు ఎక్కువగా తాగేవాళ్ళకి వస్తుందట. మేం ముగ్గురం లేదనే చెప్పాం. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. మా చుట్టాలూ నమ్మలేదు. వరండాలో గుసగుసలు మొదలయ్యాయి.

మర్నాడు స్కానింగ్ రిపోర్టు పట్టుకుని ఆయనే వరండాలోకి వచ్చారు. "ఇతను తాగడండీ. పిత్తాశయంలోంచి రాయి జారి క్లోమం గొట్టానికి అడ్డంపడింది. నిన్న అనుమానపడ్డాను, తప్పు నాదే" అని చుట్టాలందరూ వినేలా చెప్పి వెళ్ళిపోయారు.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. లోపల గ్రంథిలో సగం చచ్చిపోయిందన్నారు. చచ్చింది లోపలుంటే కోసి తీసెయ్యాలి గదా! రోజులు గడుస్తున్నాయి. ముక్కులోంచి సన్నటి గొట్టంతో పాలలాంటి ద్రవం ఎక్కిస్తున్నారు తప్ప కత్తి మాట ఎత్తరు. ఏదో దాస్తున్నారనిపించింది. క్యాంటీన్‌లో ఎవరో అన్నారు: "ఆ పెద్దాయనకి చేతులు వణుకుతాయంట. అందుకే కొయ్యడం లేదు." అంతే, ఆయన వచ్చినప్పుడల్లా ఆ జేబుల వంకే చూసేదాన్ని.

మూడో వారంలో జ్వరం వచ్చింది. చచ్చిన భాగంలో చీము చేరిందన్నారు. నేను విజయవాడ తీసుకెళ్ళిపోదామని అంబులెన్సు మాట్లాడి ఆయన గదిలోకి వెళ్ళాను.

"కొయ్యడం చేతకాకపోతే చెప్పండి సార్. చేతనైనవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాం. మీ చేతులు వణుకుతాయంట గదా."

ఆయనకు కోపం రాలేదు. రెండు చేతులూ జేబుల్లోంచి తీసి బల్ల మీద పెట్టారు. కుడిచెయ్యి గాలికి ఊగే ఆకులా వణికింది.

"నిజమేనమ్మా. రెండేళ్ళ నుంచి నేను కత్తి పట్టుకోవడం లేదు. కొయ్యాల్సి వస్తే మా చిన్న డాక్టరు కోస్తాడు. ఇప్పుడు వద్దంటున్నది నా చేతుల వల్ల కాదు." నా వేళ్ళకంటిన రంగు చూశారు. "నువ్వు అద్దకం పని చేస్తావు కదూ? అచ్చు వేసిన గుడ్డని ఆరకుండానే కాలవలో జాడిస్తావా?"

"జాడిస్తే రంగంతా పులుముకుపోద్దండీ."

"అదేనమ్మా. లోపల చచ్చిందేదో, బతికిందేదో ఇంకా విడిపడలేదు. ఇప్పుడు కోస్తే రెండూ కలిసి ఊడొస్తాయి, రక్తం ఆగదు. ఇంకో పది, పదిహేను రోజులు ఆగితే చచ్చినదాని చుట్టూ గోడ కట్టుకుంటది. అప్పటిదాకా పక్కలోంచి ట్యూబు వేసి చీము లాగేద్దాం. విజయవాడ వెళ్తానంటే కాగితాలు రాసిస్తాను. అక్కడ కూడా ఇదే అడుగు. నన్నూ నమ్మొద్దు, వాళ్ళనీ నమ్మొద్దు. రోజూ అడుగు."

అంబులెన్సును పంపించేశాను. ఆయన మాట పూర్తిగా నమ్మి కాదు. అబద్ధం చెప్పి తప్పించుకోగలిగిన చోట ఆ మనిషి చెప్పలేదు, అందుకు.

స్కానింగ్‌లో చూసుకుంటూ తమ్ముడి ఎడమ పక్కలోంచి ట్యూబు వేశారు. బూడిదరంగు చిక్కటి చీము సంచిలోకి దిగింది. రెండు రోజులకు జ్వరం తగ్గి, వాడు నవ్వాడు. నేను సంతోషంగా చెప్తే డాక్టరు గారు మొహం ముడుచుకున్నారు. "మా దివిసీమలో తుపాను మధ్యలో గాలి ఆగితే ఇంకా భయపడతాం" అన్నారు. చార్టు పక్కన పెట్టి, సంచి మార్చే ఆయాను అడిగేవారు: "వాసన ఎట్లా ఉంది? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా?" తమ్ముడి పాదం ముట్టుకుని వేడి చూసేవారు. గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెట్టేవారు. ఎవరైనా "బాగుంది సార్" అంటే, "చెప్పొద్దు, చూపించు" అనేవారు.

ఆయన భయపడినట్టే జ్వరం తిరగబెట్టింది. ఇంకా లావు ట్యూబు వేశారు. అదీ చాలలేదు. ఐదో వారంలో, ట్యూబు వేసిన దారినే చిన్నగా కోసి, కెమెరాతో చూస్తూ చిన్న డాక్టరు చచ్చిన కండ తీశారు. పెద్దాయన అంతసేపూ పక్కనే నిలబడి ఉన్నారట. బయటికొచ్చి, "సులువుగా విడిపడి వచ్చిందమ్మా" అన్నారు. నేను దణ్ణం పెట్టబోతే, "అప్పుడే వద్దు, ఇంటికెళ్ళాక పెట్టు" అన్నారు.

రెండు నెలలు దాటాక ఇంటికెళ్ళాం. తర్వాత పిత్తాశయం కూడా తీశారు. ఆ దణ్ణం మాత్రం పెట్టలేకపోయాను. వెళ్ళిన ప్రతిసారీ ఆయన నాకంటే ముందు తమ్ముడి చొక్కా ఎత్తి పొట్ట నొక్కుతూ ఉండేవారు.

నిన్న ఆయన ఇంట్లో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక శవపెట్టె ఎత్తుతున్నప్పుడు తమ్ముడు ముందుకు వెళ్ళాడు. "ఒరే, బరువు!" అన్నాను. వాడు వినలేదు. ఎడమ భుజం ఇచ్చాడు. సమాధుల తోట దాకా నేను వాడి పక్కనే నడిచాను. ట్యూబు వేసిన పక్క పట్టుకుంటాడేమో, అడుగు తడబడుతుందేమో అని చూస్తూనే ఉన్నాను. గేటు దగ్గర ఎవరో భుజం మారుస్తామన్నారు. వాడు తల అడ్డంగా ఊపాడు. చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. ఊపిరి మాత్రం నిదానంగా, సమంగా ఆడుతోంది.